బీపీ 152/96. మాత్ర పక్కన పెట్టి పరుగుతో తగ్గించుకోవచ్చా?

నిద్రలేని_కోడర్:

అందరికీ నమస్కారం. నా వయసు 43, ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో, పని రోజంతా కంప్యూటర్ ముందు. బరువు 87 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. సిగరెట్ లేదు, మందు నెలకోసారి ఫ్రెండ్స్ కలిస్తే.

పోయిన నెల పన్ను పీకించుకుందామని వెళ్తే ముందు బీపీ చూస్తామన్నారు. 162/100 వచ్చింది. మళ్ళీ చూశారు, అంతే. పన్ను పీకకుండా ఫిజీషియన్‌ని కలిసి రమ్మని పంపేశారు. పంటి నొప్పితో వెళ్ళి పంటి నొప్పీ బీపీ రెండూ పట్టుకుని ఇంటికొచ్చాను. ఫిజీషియన్ మిషన్ కొనుక్కుని వారం రోజులు పొద్దున సాయంత్రం ఇంట్లో చూసుకోమన్నారు, సగటు 152/96 తేలింది. ఈసీజీ, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), మూత్ర పరీక్ష అన్నీ బాగానే ఉన్నాయి. టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్ర రోజుకొకటి రాశారు. "రన్నింగ్ చేయొచ్చా సార్" అంటే అప్పటికే తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేశాడు, "మంచిదే, చెయ్యండి" అన్నారు, అంతే.

అసలు సంగతేంటంటే ఆ స్ట్రిప్ పది రోజులుగా అలాగే ఉంది, ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. మా నాన్న నలభై ఐదేళ్ళకి ఒక మాత్రతో మొదలుపెట్టారు, ఇప్పుడు ఆయన మాత్రల డబ్బాకి వారానికి ఏడు గదులు, గదికి నాలుగేసి మాత్రలు. ఒకసారి మొదలెడితే ఇక జీవితాంతమే అన్న భయం. ఈలోపు ఒక వీడియోలో ఒకాయన తొంభై రోజులు పరిగెత్తి మాత్రలు చెత్తబుట్టలో వేశానని చెప్పాడు. అది చూసి ఆదివారం పొద్దున్నే మా కాలనీ పార్కుకి వెళ్ళి ఇంజనీరింగ్‌లో పరిగెత్తినట్టు రెండు రౌండ్లు పరిగెత్తాను. ఠక్కున ఆగి బెంచీ మీద కూర్చోగానే కళ్ళు బైర్లు కమ్మాయి, చెవుల్లో హోరు. ఎలాగో ఇంటికొచ్చి వెంటనే బీపీ చూసుకుంటే 178/92. మా ఆవిడ షూస్ తీసుకెళ్ళి అటక మీద పడేసింది.

ఇప్పుడు నా ప్రశ్న సూటిగా. పరుగు వల్ల బీపీ తగ్గుతుందా, పెరుగుతుందా? తగ్గేదైతే మాత్ర లేకుండా మూడు నెలలు ప్రయత్నించి చూడొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, "డాక్టర్‌ని అడగండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి ప్లీజ్.

గోదారిగట్టు:

తమ్ముడూ, నాకు 61. బీపీ వచ్చి పదమూడేళ్ళు, పరుగు మొదలెట్టి తొమ్మిదేళ్ళు. రోజూ పొద్దున్న అయిదున్నరకి రాజమండ్రిలో గోదారి గట్టు మీదే ఉంటాను, కావాలంటే వచ్చి చూడు.

ముందు ఆ స్ట్రిప్ తెరువు. నువ్వు చేసిన పనే నేనూ చేశాను, అందుకే చెబుతున్నా. బ్యాంకులో పనిచేసే రోజుల్లో బీపీ అన్నారు, నాలుగు నెలలు మాత్ర వేసుకోకుండా వెల్లుల్లి రెబ్బలు నమిలాను. ఇంట్లో వాసన భరించలేక నన్ను వరండాలో పడుకోబెట్టారు కానీ బీపీ మాత్రం కదల్లేదు. చివరికి మార్చి నెలాఖరు లెక్కల మధ్యలో తల బద్దలైపోతుంటే 190 చూశాను. ఆ రోజు నుంచి మాత్ర ఆపలేదు.

ఇక పరుగు. నువ్వు చేసింది పరుగు కాదయ్యా, పందెం. ఇరవై ఏళ్ళు కుర్చీలో కూర్చున్న ఒళ్ళుతో ఇరవై ఏళ్ళ కుర్రాడిలా ఉరికితే కళ్ళు బైర్లు కమ్మక ఏం చేస్తాయి? నా పరుగు చూస్తే నీకు నవ్వొస్తుంది. పక్కన వేగంగా నడిచేవాళ్ళు నన్ను దాటేసి పోతుంటారు. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు లేదు.

వేగం ఎంతుండాలి అని అడుగుతావు కదా, నాకు తెలిసిన కొలత ఒకటే. పరిగెడుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పు. పదమూడు ఒకట్ల పదమూడు నుంచి పదమూడు పదుల నూట ముప్పై దాకా ఎక్కడా మాట తెగకుండా చెప్పగలిగితే నీ వేగం సరైనది. నాలుగో అయిదో మెట్టు దగ్గర ఆయాసం అడ్డొస్తే తగ్గించు, నడువు. అదే ఎక్కం పాటలాగా రాగం తీసి చెప్పగలుగుతున్నావంటే కాస్త పెంచొచ్చు. (ఎక్కం మర్చిపోయి ఆగిపోతే అది గుండె జబ్బు కాదు.)

ఆపేటప్పుడు ఠక్కున ఆగకు, కూర్చోకు. పది నిమిషాలు నడిచి అప్పుడు ఆపు. నీకు బెంచీ మీద జరిగింది అదే.

సూటిగా:

అందరూ పరుగు పరుగు అంటున్నారు, మారథాన్‌లో కుప్పకూలి పోయినవాళ్ళ వార్తలు చదవట్లేదా? జిమ్‌లో పోయినవాళ్ళు, షటిల్ ఆడుతూ పోయినవాళ్ళు. బీపీ ఉన్నోడు ఉరకడం అంటే పాత స్కూటర్‌ని ఎక్స్‌ప్రెస్ హైవే ఎక్కించడమే. నడక చాలు బ్రదర్. మా తాత 88 ఏళ్ళు బతికాడు, బస్సు కోసం కూడా ఎప్పుడూ పరిగెత్తలేదు.

వార్డు_రౌండ్స్:

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని, రోజూ ఓపీలో నేను చూసేవాళ్ళలో బీపీ లేనివాళ్ళే తక్కువ. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కోడర్ గారూ, పరిగెత్తి వచ్చిన వెంటనే చూసుకున్న 178 మీ బీపీ కాదు, ఆ అంకెని మర్చిపోండి. పరిగెడుతున్నప్పుడు గుండె ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి పై అంకె 180, ఒక్కోసారి 200 దాకా వెళ్ళడం ఆరోగ్యవంతుల్లో కూడా జరిగేదే. కాళ్ళ కండరాల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి కాబట్టి కింది అంకె పెద్దగా మారదు, కొంచెం తగ్గుతుంది కూడా. మీ 92 చూడండి, మీ ఇంటి సగటు 96 కంటే తక్కువే. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. పరుగు ఆపాక కూడా ఆ నాళాలు వెంటనే బిగుసుకోవు, దాంతో బీపీ మీ మామూలు స్థాయి కంటే కిందికి దిగి కొన్ని గంటలు అక్కడే ఉంటుంది, కొంతమందిలో దాదాపు మర్నాటి దాకా. అంటే ఒక పరుగు ఒక డోసు లాంటిది. వారానికోసారి ఆదివారం పూట గంటన్నర ఉరికి మిగతా ఆరు రోజులు కుర్చీలో కూర్చుంటే, వారానికి సరిపడా మాత్రలన్నీ ఒకే రోజు మింగినట్టుంటుంది.

అలా వారాల తరబడి చేస్తే నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది, నాళాలు మెత్తబడతాయి. ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు శరీరాన్ని బిగబట్టి ఉంచే నరాల వ్యవస్థ కూడా కాస్త నెమ్మదిస్తుంది. బీపీ ఉన్నవాళ్ళలో దీని ఫలితం పై అంకెలో సగటున 5 నుంచి 8 పాయింట్లు. ఒక బీపీ మాత్ర మామూలు డోసులో సగటున 9 పాయింట్ల దాకా తగ్గిస్తుంది. కాబట్టి పరుగు నిజంగానే మందుతో పోల్చదగిన పని చేస్తుంది, ఇందులో అతిశయోక్తి లేదు. కానీ మీ 152 లోంచి 8 తీసేయండి. 144. ఇంట్లో చూసుకునే లెక్కలో 135/85 దాటితే ఎక్కువే. సరిపోయిందా? సరిపోలేదు. అందుకే మాత్ర, పరుగు రెండూ కలిపి వాడమంటాం. బరువు తగ్గితే కిలోకి సుమారు ఒక పాయింట్ చొప్పున ఇంకొంత కలిసొస్తుంది, ఉప్పు తగ్గిస్తే ఇంకొంత. అవన్నీ కూడి నెలల తరబడి సగటు బాగా కిందికి వచ్చాక డోసు తగ్గించే మాట మీ డాక్టరే ఎత్తుతారు. మొదలెట్టాక ఇక జీవితాంతమే అని రూలేం లేదు, కానీ తగ్గించే నిర్ణయం మిషన్‌లో అంకెలు చూసి తీసుకోవాలి, వీడియో చూసి కాదు.

సూటిగా గారికి: వార్తలు నిజమే, భయమూ అర్థమవుతుంది. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్‌లు, హాఫ్ మారథాన్‌లు పరిగెత్తిన కోటికి పైగా మందిని లెక్కలోకి తీసుకుంటే గుండె ఆగినవాళ్ళు 59 మంది, అంటే సుమారు లక్షా ఎనభై వేల మందికి ఒకరు. వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ప్రాణాలు పోయినవాళ్ళలో ఎక్కువగా కనిపించింది పుట్టుకతో వచ్చే గుండె కండరం మందం, లేదా గుండె నాళాల్లో అడ్డంకులు. బీపీని పట్టించుకోకుండా వదిలేస్తే పోయే ప్రాణాల ముందు ఆ లెక్క ఎంత? ఓపీలో నేను చూసే పక్షవాతం కేసుల్లో "బీపీ మాత్ర ఆపేశాను సార్" అనే మాట వినని వారం లేదు.

ఆ భయంలో ఒక న్యాయం మాత్రం ఉంది. నలభై దాటి, ఇన్నేళ్ళు కదలకుండా ఉండి, ఇప్పుడు గట్టిగా పరిగెత్తాలనుకుంటే ముందు మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలా వద్దా అన్నది మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నారా లాంటి వాటిని బట్టి ఉంటుంది. నడకకి ఇవేవీ అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. కూర్చుని చూసుకున్న బీపీ 180/110 దాటిన రోజు మాత్రం పరుగు వద్దు, ఫోన్ చేయండి. పరుగులో ఛాతీ బిగుతుగా అనిపించినా, ఎడమ చెయ్యో దవడో లాగినా అక్కడే ఆపేసి ఆసుపత్రికి వెళ్ళండి, ఈ రౌండ్ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. కొత్తగా పరుగు మొదలెట్టినవాళ్ళకి మోకాలో మడమో పట్టేస్తుంది. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకుని రోజూ వేసుకుంటారు. ఆ నొప్పి మాత్రలే బీపీని పెంచుతాయి. పైగా టెల్మిసార్టాన్ వాడుతూ, దానికి తోడు మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర కూడా ఉండి, ఒళ్ళు చెమటకి ఎండిపోయి ఉన్నప్పుడు ఇవి వేసుకుంటే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. నొప్పి ఉంటే నాలుగు రోజులు పరుగు ఆపి నడవండి, మాత్రతో నొప్పిని నొక్కేసి పరిగెత్తకండి.

చివరగా మీ ఆవిడని ఒక ప్రశ్న అడగండి. మీరు గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా? మీ పేరు చూసి అడుగుతున్నా.

ఓరుగల్లు_ఆడబిడ్డ:

అన్నా, మీ వదిన షూస్ అటక మీద వేయడం నాకు నచ్చింది, నేనైనా అదే చేసేదాన్ని. సారీ, మీ ఆవిడ అనాలి, మాకు అందరూ వదినలే.

ఇక్కడ అందరూ మగవాళ్ళే చెబుతున్నారు కాబట్టి నా ముచ్చట కూడా వినండి. నాకు 38. రెండో బాబు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో బీపీ పెరిగి, కాళ్ళు చేతులు వాచి, నెల ముందే ఆపరేషన్ చేసి తీశారు. కాన్పు అయ్యాక తగ్గిపోతుందన్నారు, చాలామందికి తగ్గుతుందంట, నాకు తగ్గలేదు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చిన ఆడవాళ్ళకి తర్వాత జీవితంలో బీపీ, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. ఇది చదివే అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉంటే, బాబు బాగున్నాడు కదా అని ఊరుకోకండి, ఏడాదికోసారైనా చూపించుకోండి.

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడకతో మొదలుపెట్టాను. ఉరుకుడు ఎట్ల మొదలైందంటే, కుక్క వెంటపడితే! నిజంగా. ఆ రోజు ఇంటికొచ్చాక నేను అంత దూరం ఉరకగలనా అని నాకే ఆశ్చర్యం. తర్వాత కరెంటు స్తంభాల లెక్క పెట్టుకున్నా. ఒక స్తంభం ఉరుకుడు, మూడు స్తంభాలు నడక. రెండు వారాలకి ఒకటికి రెండు. అట్ల అట్ల ఆగకుండా పది నిమిషాలు ఉరకడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ముప్పై అయిదు నిమిషాలు, మేం నలుగురం ఆడవాళ్ళం కలిసి పోతాం, ఒక్కదాన్నే చీకట్లో పోను. మొదట్లో చున్నీ నడుముకి కట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతో పోయాను, మడమ నొప్పితో నెల రోజులు కూర్చున్నా. మంచి షూస్ కొనండి, రంగు చూసి కాదు, సాయంత్రం పూట కాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసుకుని చూసి.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తా. ఇరవై నిమిషాలు ఉరికి వచ్చి రోజూ ఓఆర్ఎస్ పొడి కలుపుకుని తాగేదాన్ని, చెమట పోయింది కదా అని. బీపీ తగ్గాల్సింది పోయి అట్లనే ఉంది. మా డాక్టరమ్మ ప్యాకెట్ తెమ్మని వెనక రాసింది చదివించింది, లీటరు ప్యాకెట్‌లో ఉప్పే 2.6 గ్రాములు, సోడియం ఉండే ఇంకో లవణం దానికి అదనం. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంటే, సగం పొద్దున్నే తాగేస్తున్నా! విరేచనాలు అయితే అది ప్రాణం కాపాడే మందే, అరగంట ఉరుకుడికి మాత్రం మంచినీళ్ళు చాలు. ఆ తర్వాత ఇంట్లో ఆవకాయ జాడీ వైపు చూశా. దాని గురించి రాయను, ఏడుపొస్తుంది. ఇప్పుడు అన్నంలోకి కాదు, వేలితో నాలుకకి తగిలించుకోవడమే.

ఇంకొకటి, అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకునేవాళ్ళలో కొందరికి చీలమండలు వాస్తాయి. నేను కొత్త షూస్ వల్లనే అనుకుని షాపువాడితో గొడవ పడ్డా, పాపం.

డాలస్_బాబాయ్:

అబ్బాయ్, నడకా పరుగా అన్న తగువు మీద ఒక లెక్క ఉంది. అమెరికాలో 33,060 మంది పరిగెత్తేవాళ్ళనీ, 15,045 మంది నడిచేవాళ్ళనీ ఆరేళ్ళకి పైగా గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఖర్చు చేసిన శక్తి సమానమైతే కొత్తగా బీపీ వచ్చే ముప్పు తగ్గడంలో నడక పరుగు కంటే ఏమీ తీసిపోలేదు. తేడా ఎక్కడంటే, పరిగెత్తేవాడు అరగంటలో కాల్చేది నడిచేవాడికి దాదాపు గంట పడుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ కూడా వారానికి నడక లాంటిదైతే 150 నిమిషాలు, పరుగు లాంటిదైతే 75 నిమిషాలు తక్కువలో తక్కువ అంటుంది. నీకు టైం లేదా, పరిగెత్తు. మోకాళ్ళు లేవా, నడువు. సూటిగా గారి తాతగారు నిజంగా పొలానికి రోజూ ఎంత దూరం నడిచారో కూడా ఒకసారి కనుక్కోండి.

ఇంకా తమాషా ఏమిటంటే, 2023లో 270 పరిశోధనలని గుదిగుచ్చి, విశ్రాంతిగా ఉన్నప్పటి బీపీని ఏ వ్యాయామం ఎక్కువ తగ్గిస్తుందో పోల్చి చూశారు. కింది అంకెకి పరుగు మొదటి స్థానంలో నిలిచింది. పై అంకెకి మాత్రం అందరినీ ఓడించింది ఏంటో తెలుసా? గోడకుర్చీ. అవును, హోంవర్క్ చేయలేదని మనల్ని క్లాసు బయట వేయించిన అదే గోడకుర్చీ! గోడకి వీపు ఆనించి, తొడలు నేలకి సమాంతరంగా వంచి, రెండు నిమిషాలు. మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. అలా నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు. మా లెక్కల మాస్టారు మా క్లాసు మొత్తానికి బీపీ రాకుండా చూశారన్నమాట, మేమే తిట్టుకున్నాం.

ఒక్కటే జాగ్రత్త, ఊపిరి బిగపట్టకు. కదలకుండా ఉన్న కండరం మీద బలం పెడుతూ ఊపిరి కూడా బిగపడితే బీపీ అమాంతం ఎగుస్తుంది, బరువులెత్తేటప్పుడు కూడా అంతే. పైకి లెక్కపెట్టుకుంటూ వెయ్యి, నోరు ఆడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది. తొడలు నేలకి సమాంతరంగా రాకపోతే కొంచెం పైనే ఆగు, ఇక్కడ ఎవరూ బెత్తంతో కొట్టరు.

గోదారిగట్టు:

బాబాయ్ గారూ ఆయ్, గోడకుర్చీ మాట విని ఇప్పుడే వేసి చూశాను. నలభై సెకన్లు. లేవడానికి మా ఆవిడ చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తకండి.

తమ్ముడూ ఒకటి మర్చిపోయాను. నాకు మధ్యలో రెండేళ్ళు మెటోప్రోలాల్ అనే బీపీ మాత్ర ఇచ్చారు. చేతి వాచీలో గుండె వేగం చూసుకుని పరిగెత్తే అలవాటున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఆ రకం మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాచీ చెప్పిన నంబరు అందుకోవాలని చూస్తే ప్రాణం మీదకొస్తుంది. అప్పుడు పదమూడో ఎక్కమే దిక్కు. ఆ మాత్రని ఉన్నట్టుండి ఆపకూడదు కూడా, బీపీ ఎగదన్నుతుంది.

మే నెలలో మా దగ్గర పొద్దున్న ఏడింటికే ఎండ మాడ్చేస్తుంది, ఆ నెలంతా నేను పరుగు మానేసి తెల్లవారకుండా నడక మాత్రమే. వడగాలుల్లో వీరత్వం వద్దు.

నిద్రలేని_కోడర్:

నాలుగు నెలల తర్వాత వస్తున్నా, క్షమించండి, అప్పుడు అందరికీ విడివిడిగా జవాబు ఇవ్వలేదు. జూలైలో అడిగాను, ఇప్పుడు నవంబర్.

మీ జవాబులు మా ఆవిడకి చదివి వినిపించాను. గురక దగ్గరికి రాగానే తను ఫోన్ లాక్కుని వార్డు_రౌండ్స్ గారికి తనే రాస్తానంది. పెళ్ళైనప్పటి నుంచీ చెబుతూనే ఉందట, మధ్యలో ఊపిరి ఆగిపోతే భుజం పట్టి కుదిపేదట, నాకు ఆ సంగతే తెలియదు. నిద్ర పరీక్ష చేయించాను, స్లీప్ ఆప్నియా ఉందని తేలింది, ఓ మోస్తరుగా. ముక్కుకి పెట్టుకునే మిషన్ వాడుతున్నా. మొదటి వారం మా పాప నన్ను ఏనుగు అంది. ఇప్పుడు పొద్దున లేచేసరికి తలనొప్పి ఉండట్లేదు, ఇన్నేళ్ళూ తలనొప్పితో లేవడమే మామూలు అనుకున్నా.

మాత్ర ఆ రోజు రాత్రే వేసుకున్నాను. పరుగు ఓరుగల్లు చెల్లెమ్మ స్తంభాల లెక్కతోనే, కాకపోతే మా రోడ్డు మీద స్తంభాలు సమానంగా లేవు, ఒకచోట మూడు కలిసి ఉంటాయి, తర్వాత సందు చివరిదాకా ఒక్కటీ ఉండదు, అందుకని నిమిషాల్లోకి మార్చుకున్నా. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలెట్టాను. ఇప్పుడు వారానికి అయిదు రోజులు, ఇరవై అయిదు నిమిషాలు ఆగకుండా. వర్షం పడే రోజుల్లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య చుట్లు కొట్టాను, వాచ్‌మన్ మొదటి రోజు దొంగ ఎవరైనా దూరాడా అని టార్చ్ వేశాడు. సెప్టెంబర్‌లో ప్రాజెక్ట్ రిలీజ్ టెన్షన్‌లో మూడు వారాలు పూర్తిగా ఆపేశాను. సగటు 7 పాయింట్లు పెరిగింది, నోట్‌బుక్‌లో ఉంది, అప్పుడు నమ్మాను ఇది డోసు లాంటిదని.

బరువు 87 నుంచి 81. పోయిన వారం సగటు 124/79, మాత్రతో కలిపే. చూసుకునే పద్ధతి కూడా మార్చుకున్నా, ఇదివరకు టీ తాగుతూ టీవీ చూస్తూ చెయ్యి గాల్లో పెట్టి చూసుకునేవాడిని. ఇప్పుడు అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా నిమిషం తేడాతో రెండు సార్లు.

డాక్టర్‌ని డోసు తగ్గిద్దామా అని అడిగాను. ఈసారి తర్వాతి పేషెంట్‌ని బయటే ఆపి నా నోట్‌బుక్ మొత్తం చూశారు. చలికాలంలో బీపీ కొంచెం పెరుగుతుంది, ఫిబ్రవరి దాకా ఇలాగే రాయండి, అప్పటికీ ఇలాగే ఉంటే 20కి తగ్గించి చూద్దాం అన్నారు. తొంభై రోజుల వీడియో ఆయన లెక్కలో నేను ఇప్పటికే లేటు, ఫర్వాలేదు.

పన్ను పీకించుకున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే 134/84, భయానికి ఆ మాత్రం ఉంటుందిలే అన్నారు.

సూటిగా:

బాగుంది బ్రదర్. మా తాత పొలం ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లట, మా నాన్నని అడిగాను. పోవడం రావడం నడకే. నేను కూడా నడక మొదలెట్టా, పరుగు మాత్రం అడగకండి.

ఓరుగల్లు_ఆడబిడ్డ:

సంతోషం అన్నా. షూస్ అటక మీది నుంచి ఎవరు దింపారు?

నిద్రలేని_కోడర్:

తనే దింపింది చెల్లెమ్మా. మర్నాడు తనకీ ఒక జత కొనుక్కుంది, ఇప్పుడు నాకంటే ముందు పరిగెడుతోంది. బాబాయ్ గారూ, గోడకుర్చీ కూడా వేస్తున్నాం, వారానికి మూడు రోజులు, హాల్లో పక్కపక్కన. లెక్కపెట్టే పని మా పాపది. నూట ఇరవైకి ఆపాలి కదా, నూట పద్దెనిమిది దాకా వచ్చి "అయ్యో, మర్చిపోయా" అని మళ్ళీ తొంభై నుంచి మొదలెడుతోంది.